ప్రయోగశాల గడప దగ్గర ఆగిపోయిన సామాజిక న్యాయం

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. విశ్వవిద్యాలయాల విజ్ఞాన శాస్త్ర విభాగాలలో అడుగుపెట్టిన దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల విద్యార్థుల స్థితికి ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. సీటు రాజ్యాంగం ఇచ్చింది. ఆ సీటు దక్కిన తర్వాత గైడు దొరకడం, ప్రయోగశాలలో చోటు దొరకడం, పరికరం మీద పనిచేసే వంతు రావడం, పరిశోధన పత్రంలో పేరు ఉండడం, చివరికి సిఫారసు లేఖ చేతికందడం మాత్రం రాజ్యాంగం చేతిలో లేవు. అవి ఆచార్యుల విచక్షణలో ఉన్నాయి. ఆ విచక్షణకు చాలాచోట్ల లిఖిత నియమం లేదు, గడువు లేదు, జవాబుదారీతనం అంతకన్నా లేదు.

రిజర్వేషన్ల మీద మన చర్చ దశాబ్దాలుగా ప్రవేశాల చుట్టూనే తిరుగుతోంది. ఎన్ని సీట్లు, ఎంత శాతం, కటాఫ్ ఎంత అన్నవే ప్రశ్నలుగా మిగిలాయి. ఒక విద్యార్థి శాస్త్రవేత్తగా ఎదిగే దారిలో ప్రవేశం తొలి మెట్టు మాత్రమే. ఆ పై మెట్లు ఎవరి అదుపులో ఉన్నాయి, అక్కడ కులం ఏ రూపంలో పనిచేస్తోంది అన్న ప్రశ్నలను పక్కనపెట్టి విజ్ఞాన శాస్త్ర విద్యలో సమానత్వం గురించి మాట్లాడడం అసంపూర్ణమే అవుతుంది.

మెట్టు మెట్టుకూ తరుగు

2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభకు ఇచ్చిన సమాధానం ప్రకారం అంతకుముందు ఐదేళ్లలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి 13,626 మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు చదువు మధ్యలో వదిలి వెళ్లారు. వీరిలో ఐఐటీలను వీడినవారే 3,542 మంది: ఓబీసీలు 2,066, ఎస్సీలు 1,068, ఎస్టీలు 408. విద్యార్థులకు అనేక అవకాశాలుంటాయి కనుక వారు ఇతర సంస్థలకు, కోర్సులకు మారుతుంటారని ప్రభుత్వం సంజాయిషీ చెప్పుకుంది. అలా మెరుగైన చోటు వెతుక్కొని వెళ్లినవారెందరు, ఊపిరాడక బయటపడినవారెందరు అన్నది తేల్చే విభజన మాత్రం ఆ సమాధానంలో లేదు. ప్రభుత్వం వెళ్లిపోయినవారిని లెక్కపెట్టింది, ఎందుకు వెళ్లారో అడగలేదు.

బోధించేవారి వైపు చూస్తే తరుగు మరింత స్పష్టమవుతుంది. 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం విద్యార్థులలో ఎస్సీలు 14.2 శాతం, ఎస్టీలు 5.8 శాతం. అధ్యాపకులలో ఎస్సీలు 9.1 శాతం, ఎస్టీలు 2.5 శాతం. ఇది ఊరి డిగ్రీ కళాశాల మొదలుకొని అన్ని సంస్థలనూ, అన్ని శాస్త్రాలనూ కలిపి వేసిన లెక్క. విజ్ఞాన శాస్త్ర పరిశోధన జరిగే పెద్ద సంస్థలకు వెళ్లేకొద్దీ ఈ వాటా ఇంకా కుంచించుకుపోతుంది. డిగ్రీ నుంచి ఆచార్య పదవి దాకా దళితుల, ఆదివాసుల సంఖ్య మెట్టు మెట్టుకూ ఎలా తగ్గిపోతోందో 2023 జనవరిలో నేచర్ పత్రిక సమాచార హక్కు చట్టం ద్వారా సేకరించిన వివరాలతో సహా పటాలు గీసి చూపింది. ప్రపంచ శాస్త్రవేత్తలంతా చదివే పత్రిక ఈ దేశపు ప్రయోగశాలల కులాన్ని చర్చించింది. మన శాస్త్ర అకాడమీలు ఆ స్థాయిలో ఆ పని చేయలేదు.

గైడు అనే గడప

విజ్ఞాన శాస్త్రంలో పరిశోధన అంటే పనిచేస్తూ పని నేర్చుకోవడం. చరిత్ర చదివే విద్యార్థి గైడు సహకరించకపోయినా గ్రంథాలయంలో కూర్చొని కొంతదూరం పోగలడు. రసాయన శాస్త్ర విద్యార్థికి గైడు లేకపోతే ప్రయోగశాల తాళంచెవి కూడా దొరకదు. ఏ సమస్య మీద పనిచేయాలి, ఏ పరికరం ఎప్పుడు వాడాలి, ఏ సదస్సుకు వెళ్లాలి, ఏ విదేశీ ఆచార్యుడికి పరిచయం కావాలి అన్నవన్నీ గైడు ద్వారానే నిర్ణయమవుతాయి. పుస్తకాలలో లేని విద్య ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అందే చోటు అది. కనుకనే కులానికి అది అనువైన చోటు. అక్కడ ఎవరూ ఎవరినీ తిట్టనక్కరలేదు. పలకరించకపోతే చాలు, ఆలస్యం చేస్తే చాలు, చిన్న పనులే అప్పగిస్తే చాలు.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ చరిత్రే ఇందుకు సాక్ష్యం. తమిళనాడులోని సేలం ప్రాంతం నుంచి భౌతిక శాస్త్రంలో పీహెచ్‌డీ చేయడానికి వచ్చిన సెంథిల్ కుమార్ పందులు పెంచి బతికే పన్నియాండి కులస్థుడు. పరిశోధకుడిగా చేరినా అతడికి గైడు కేటాయింపు జరగలేదు. 2008 ఫిబ్రవరిలో హాస్టల్లో ప్రాణం తీసుకున్నాడు. ఆచార్య వినోద్ పావరాల అధ్యక్షతన వేసిన కమిటీ ఆ విభాగంలో గైడు కేటాయింపు పద్ధతులు అస్పష్టంగా, అసమంగా ఉన్నాయని, వాటి దెబ్బ తిన్నది ఎస్సీ, ఎస్టీ విద్యార్థులేనని గుర్తించింది. ఒక వ్యక్తి దురుద్దేశాన్ని నిరూపించనక్కర లేకుండానే కుల వివక్షను చూపగలిగిన నివేదిక అది. నియమం లేని చోట నష్టపోయేది ఎప్పుడూ పలుకుబడి లేనివాడే.

ఎనిమిదేళ్ల తర్వాత అదే ప్రాంగణంలో రోహిత్ వేముల మరణం దేశాన్ని కుదిపింది. ఆ ఉద్యమ రాజకీయాలలో ఒక విషయం వెనక్కి పోయింది. రోహిత్ జీవశాస్త్రాల నుంచి వచ్చినవాడు. విజ్ఞాన శాస్త్ర రచయిత కావాలని కలగన్నవాడు. 2016 జనవరి 17న రాసిన చివరి లేఖలో తనకు ఏడు నెలల ఫెలోషిప్ సొమ్ము, లక్షా 75 వేల రూపాయలు, రావలసి ఉందని లెక్క కట్టి మరీ చెప్పాడు. నక్షత్రాల గురించి రాయాలనుకున్న యువకుడు ఆఖరి గడియలో బకాయిల లెక్క రాయవలసి వచ్చింది. సామాజిక బహిష్కరణ, ఆర్థిక బహిష్కరణ ఒకదాని వెంట ఒకటి నడుస్తాయనడానికి ఇంతకు మించిన రుజువు అక్కరలేదు.

వైద్య విద్యలోనూ ఇదే కథ. ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్షపై సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లోనే నివేదిక ఇచ్చింది. తరగతి గదిలో, ప్రయోగ పరీక్షలలో, మౌఖిక పరీక్షలలో, హాస్టల్ గదులలో, మెస్ బల్లల దగ్గర వెలి ఎలా అమలవుతుందో నమోదు చేసింది. 2012లో యూజీసీ సమానత్వ నిబంధనలు తెచ్చింది. అవి కాగితం మీదనే ఉన్నాయంటూ 2019లో సుప్రీంకోర్టు తలుపు తట్టినవారు ఇద్దరు తల్లులు, రాధిక వేముల, ఆబెదా సలీం తడ్వీ. ముంబైలో వైద్య విద్యలో పీజీ చేస్తూ అదే ఏడాది మరణించిన ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి ఆబెదా. సంస్థలు చేయవలసిన పనిని బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు భుజాన వేసుకోవలసి రావడమే ఈ వ్యవస్థ మీద తీర్పు.

ఇంటర్వ్యూ, ఇంగ్లీషు, ఆలస్యమయ్యే జీతం

గైడు వరకు చేరకముందే మరో వడపోత ఉంది. దాని పేరు ఇంటర్వ్యూ. 2016 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు రాత పరీక్షను అర్హతకే పరిమితం చేసి, ఎంపికను పూర్తిగా ఇంటర్వ్యూకు వదిలాయి. విద్యార్థుల ఆందోళనల తర్వాత 2018లో రాతకు 70, ఇంటర్వ్యూకు 30 శాతం చొప్పున మార్చారు. ఆ ముప్ఫై కూడా చిన్నదేమీ కాదు. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కొన్నేళ్ల ప్రవేశాల సమాచారాన్ని పరిశీలించిన అబ్దుల్ నఫే కమిటీ రాత పరీక్ష మార్కులకు, మౌఖిక మార్కులకు మధ్య అంతరం అణగారిన వర్గాలకు వ్యతిరేకంగా స్థిరంగా కనిపిస్తోందని తేల్చి, మౌఖిక పరీక్ష వాటా తగ్గించమని సిఫారసు చేసింది. పేరు కనిపించని జవాబు పత్రంలో వచ్చిన మార్కులు, ముఖం కనిపించే గదిలో ఎందుకు రావన్న ప్రశ్నకు ప్రతిభావాదులు ఇంతవరకు జవాబు చెప్పలేదు.

తెలుగు నేల నుంచి వెళ్లే విద్యార్థికి ఇందులో భాష అదనపు బరువు. డిగ్రీ దాకా తెలుగు అకాడమీ పుస్తకాలతో నెట్టుకొచ్చిన విద్యార్థి పీజీలో చేరగానే మూడు పనులు ఒకేసారి చేయాలి. పాఠం అర్థం చేసుకోవాలి, ఇంగ్లీషు అర్థం చేసుకోవాలి, తనకు అర్థం కాలేదని తెలిస్తే నవ్వుతారేమోనన్న భయాన్ని దాచుకోవాలి. సెమినార్లో అతడి మౌనాన్ని ఆచార్యులు తెలివితక్కువతనంగా రాసుకుంటారు. నగరపు కార్పొరేట్ పాఠశాలలో చదివిన విద్యార్థి ధాటిగా చెప్పిన సగం తప్పు సమాధానం ఆత్మవిశ్వాసంగా చెలామణి అవుతుంది. భాష నేర్పించవలసిన సంస్థ భాషతో తూకం వేస్తోంది.

ఇక డబ్బు. 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 37 వేల రూపాయలైంది. అది పెరిగినప్పుడు కూడా కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేని పరిశోధకులకిచ్చే మొత్తం 8 వేల దగ్గరే ఉండిపోయింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో అనేకులకు అదీ లేదు. ఎస్సీ, ఎస్టీ జాతీయ ఫెలోషిప్పులు నెలల తరబడి ఆలస్యం కావడం మామూలు విషయంగా మారింది. తండ్రి ఉద్యోగి అయిన పరిశోధకుడికి ఆరు నెలల ఆలస్యం చికాకు. ఇంటికి నెల నెలా డబ్బు పంపవలసిన కూలి బిడ్డకు అదే ఆలస్యం చదువు ముగింపు. విరామం లేకుండా ఐదేళ్లు సాగవలసిన ప్రయోగాన్ని ట్యూషన్లు చెప్పుకుంటూ సాగించమంటే అది సాగదు. అప్పుడు విభాగం అతడి దస్త్రంలో పురోగతి అసంతృప్తికరం అని రాస్తుంది.

చట్టంలోనే వేసిన కంచె

ఇవన్నీ అమలులో లోపాలని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. చట్టమే విజ్ఞాన శాస్త్రం చుట్టూ కంచె వేసింది. కేంద్రీయ విద్యాసంస్థలలో ప్రవేశాలకు ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్ కల్పించిన 2006 నాటి చట్టంలో నాలుగో సెక్షన్ ఒక మినహాయింపు ఇచ్చింది. టాటా మౌలిక పరిశోధన సంస్థ, బార్క్ వంటి అణుశక్తి కేంద్రాలు భాగమైన హోమీ భాభా జాతీయ సంస్థ, బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రం, అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ, మనేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం మొదలైనవాటిని షెడ్యూలులో చేర్చి ఆ చట్టం పరిధి నుంచి తప్పించారు. అధ్యాపక నియామకాలకు 2019లో తెచ్చిన చట్టంలోనూ ఇలాంటి షెడ్యూలే ఉంది. టాటా సంస్థకు హైదరాబాద్‌లోనూ ప్రాంగణముంది. ప్రజల పన్నుతో ఆ సంస్థలు నడుస్తాయి, ప్రజలలో మెజారిటీకి అక్కడ హామీ లేదు. ఒక దేశం తన ఉన్నత శ్రేణి ప్రయోగశాలల జాబితా రాసి, ఇక్కడ సామాజిక న్యాయం వర్తించదని చట్టసభలో ఆమోదించుకోవడం కన్నా బాహాటమైన కుల ప్రకటన ఏముంటుంది?

దీని వెనుక పాత ఆలోచన ఉంది. గ్రూప్-ఎ తొలి స్థాయికి పైన ఉండి, పరిశోధన నిర్వహించడానికి, పరిశోధనకు మార్గదర్శనం చేయడానికి ఉద్దేశించిన శాస్త్ర సాంకేతిక పదవులను రిజర్వేషన్ నుంచి మినహాయించవచ్చని 1975 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు చెబుతోంది. ఇందులోని తర్కం గమనించదగింది. ప్రయోగశాలలో సహాయకుడిగా దళితుడు ఉండవచ్చు, తొలి మెట్టు మీద శాస్త్రవేత్తగానూ ఉండవచ్చు. ఇతరులకు దారి చూపే చోట మాత్రం అతడి హక్కుకు హామీ అక్కరలేదు. 2020లో ఐఐటీ ఢిల్లీ డైరెక్టర్ నాయకత్వాన కేంద్రం వేసిన కమిటీ ఐఐటీలను కూడా 2019 చట్టం షెడ్యూలులో చేర్చి అధ్యాపక రిజర్వేషన్ నుంచి తప్పించమని సిఫారసు చేయడం ఈ తర్కానికి కొనసాగింపే.

నియామకాల లెక్కలోనూ ఇలాంటి మాయే జరిగింది. విభాగాన్ని యూనిట్‌గా తీసుకోవాలన్న 2017 నాటి అలహాబాద్ హైకోర్టు తీర్పు ప్రకారం నడిస్తే, 13 పాయింట్ల రోస్టర్‌లో ఎస్సీ వంతు ఏడో పోస్టుకు, ఎస్టీ వంతు పద్నాలుగో పోస్టుకు వస్తుంది. ఆరుగురు అధ్యాపకులున్న భౌతిక శాస్త్ర విభాగంలో దళితుడికి చాలాకాలం వంతే రాకపోవచ్చు. దేశవ్యాప్త ఉద్యమం వల్ల 2019 చట్టం మళ్లీ విశ్వవిద్యాలయాన్ని యూనిట్‌గా చేసింది. అది గొప్ప విజయమే. అయినా మొత్తం లెక్క సరిపోతే చాలునన్న నెపంతో కొన్ని విభాగాలను ఎప్పటిలాగే ఉంచే వీలు మిగిలింది. దానికి తోడు తగిన అభ్యర్థి దొరకలేదన్న మూడు ముక్కలతో రిజర్వుడు పోస్టును ఖాళీగా వదిలే అలవాటు పోలేదు. అలా ఖాళీ పడిన పోస్టుల రిజర్వేషన్‌ను ఎత్తివేసేందుకు దారి తెరిచే ముసాయిదాను 2023 డిసెంబరులో యూజీసీ బయటపెట్టి, నిరసనలు రాగానే వెనక్కి తగ్గింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఖాళీల ప్రభావం మరింత తీవ్రం. యూజీసీ నిబంధన ప్రకారం ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి పీహెచ్‌డీ విద్యార్థులను తీసుకోరాదు. గైడుగా ఉండాలంటే శాశ్వత అధ్యాపకుడై ఉండాలి. అంటే నియామకం జరగని ప్రతి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు నాలుగు పరిశోధన సీట్లను మింగేస్తుంది. ఏళ్ల తరబడి కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులతో నడుస్తున్న విభాగాలలో రిజర్వేషన్ జీవో భద్రంగానే ఉంటుంది, దాన్ని అమలు చేయడానికి సీటే ఉండదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఎండిపోతే మొదట దాహంతో చచ్చేది ప్రైవేటు విశ్వవిద్యాలయపు ఫీజు కట్టలేని పిల్లలే.

ప్రతిభ పేరిట

విజ్ఞాన శాస్త్రంలో రాజీ పనికిరాదన్నది తరచుగా వినిపించే వాదన. సమర్థత పడిపోతుందన్న భయం నిజమో కాదో పరీక్షించడానికి అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ భారత రైల్వేల రెండు దశాబ్దాల సమాచారాన్ని విశ్లేషించారు. రిజర్వేషన్ ద్వారా వచ్చిన ఉద్యోగుల వాటా పెరగడం వల్ల ఉత్పాదకత తగ్గిందనడానికి వారికి ఆధారం దొరకలేదు. పై స్థాయి ఉద్యోగాలలో మేలు జరిగిన సూచనలే కనిపించాయి. శాస్త్రీయ పద్ధతి మీద గౌరవం ఉన్నవారు ఆధారం దొరికాక అభిప్రాయం మార్చుకోవాలి. ప్రతిభ విషయంలో మాత్రం మన శాస్త్రవేత్తలు నమ్మకాన్నే పట్టుకు వేలాడుతున్నారు. తరతరాల కుల వనరులు ఐఐటీలో వ్యక్తిగత ప్రతిభగా ఎలా రూపుమార్చుకుంటాయో అజంతా సుబ్రమణియన్ తన గ్రంథం ద కాస్ట్ ఆఫ్ మెరిట్‌లో విపులంగా వివరించారు.

మేఘనాథ్ సాహా కథ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఢాకా సమీప పల్లెలో చిన్న దుకాణదారు ఇంట పుట్టిన ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలకు వెళితే, హిందూ హాస్టల్లో అగ్రకుల విద్యార్థులు తమ పంక్తిన కూర్చోనివ్వలేదు. 1920లో ఆయన రూపొందించిన అయనీకరణ సమీకరణమే నక్షత్రాల వెలుగును చదివే పద్ధతిని మార్చింది. సాహా ఎదిగాడు కనుక కులం అడ్డు కాదనేవారు ఒక లెక్క మరచిపోతారు. ఆ హాస్టల్ పంక్తిలో చోటు దొరకక వెనుదిరిగినవారిలో ఎందరు సాహాలున్నారో ఏ సమీకరణమూ చెప్పలేదు.

ఎవరి ప్రశ్నలు శాస్త్రమవుతాయి?

ఈ సమస్యను ఉద్యోగాల వాటాగానే చూస్తే సగమే చూసినట్టు. ఏది పరిశోధించదగిన సమస్య అన్నది ప్రయోగశాలలో ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. 1952లో నీలగిరి ఆదివాసుల రక్తంలో సికిల్‌సెల్ లక్షణాన్ని మన దేశంలో తొలిసారి గుర్తించారు. దాన్ని నిర్మూలించే జాతీయ కార్యక్రమం మొదలైంది 2023లో. డెబ్బై ఏళ్లుగా ఆదివాసీ రక్తం నమూనాగా ప్రయోగశాలలోకి వెళుతూనే ఉంది. ఆదివాసీ శాస్త్రవేత్తగా ఆ గదిలోకి వెళ్లడం ఇప్పటికీ వార్తే. నెల్లూరు ప్రాంతపు పల్లెల్లో ఫ్లోరోసిస్‌ను 1937లోనే వైద్యులు నమోదు చేశారు. నల్లగొండ తరాలకు తరాలు వంగిపోయాయి. ఉద్దానం కిడ్నీ వ్యాధికి మూలకారణం ఇంకా తేలలేదు. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లలు జలరసాయనం, భూగర్భశాస్త్రం, వైద్య పరిశోధనల్లో నిర్ణయాధికారంతో ఉంటే ఈ సమస్యలు ఇంతకాలం జాబితా చివరన ఉండేవా?

అంతేకాదు, జ్ఞానం అగ్రహారంలో పుట్టలేదు. తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసిన మాదిగల చేతిలో రసాయన శాస్త్రం ఉంది. మట్టిని, నిప్పును లెక్కగట్టిన కుమ్మరి చేతిలో పదార్థ విజ్ఞానం ఉంది. ఉత్పత్తి కులాల ఈ జ్ఞానాన్ని శాస్త్రంగా గుర్తించాలని కంచ ఐలయ్య చాలాకాలంగా వాదిస్తున్నారు. తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పం చేసుకున్నాం. ఆ చెట్టు బెరడు గుణం తెలిసినవారి మనవళ్లను తోలు పరిశోధన సంస్థలలో ఆచార్యులుగా చూడడానికి మాత్రం ఏర్పాటు చేయలేదు.

అంబేడ్కర్ ఈ విషయాన్ని మనకన్నా ముందే చూశాడు. 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడైన కొద్ది నెలలకే అణగారిన కులాల సమస్యలపై సమర్పించిన విజ్ఞాపన పత్రంలో ఆయన కళలు, న్యాయశాస్త్రం చదువులతో సరిపెట్టుకోలేదు. తన ప్రజలకు నిజంగా మేలు చేసేది ఉన్నత స్థాయి శాస్త్ర సాంకేతిక విద్యేనని వాదించాడు. ఖర్చు వారు భరించలేరు కనుక దేశంలో చదివేందుకు ఏటా రెండు లక్షలు, విదేశాలకు వెళ్లేందుకు ఏటా లక్ష రూపాయలు ఇవ్వాలని అడిగాడు. పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనం 1944లో మొదలైంది. ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఆ ఉపకార వేతనం సమయానికి రాక, సర్టిఫికెట్లు కళాశాల బీరువాలో ఇరుక్కుపోయి విద్యార్థులు రోడ్డెక్కుతున్నారంటే, ఆ విజ్ఞాపన పత్రం ఇంకా పరిశీలనలోనే ఉన్నట్టు.

చేయవలసినవి

చేయగలిగిన పనులు ఉన్నాయి, చేసి చూపినవారూ ఉన్నారు. అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ శాఖలో 1988లో నల్లజాతి విద్యార్థుల కోసం మయర్‌హాఫ్ పథకం మొదలైంది. తరగతులకు ముందే వేసవి శిక్షణ, బృందంగా చదువు, తొలి ఏడాదుల నుంచే నిజమైన ప్రయోగశాలలో పని, వెన్నంటి ఉండే సలహాదారులు దాని పద్ధతి. వారిని బలహీనులుగా జాలిపడి చూడలేదు, కాబోయే శాస్త్రవేత్తలుగా చూశారు. వందలాది పీహెచ్‌డీలు అక్కడి నుంచి వచ్చాయి. కొవిడ్ టీకా రూపకల్పనలో కీలక పాత్ర వహించిన కిజ్మికియా కార్బెట్ ఆ పథకంలో చదివిన నల్లజాతి మహిళ. మన గురుకుల పాఠశాలలు, మహిళా గురుకుల డిగ్రీ కళాశాలల నుంచి సీసీఎంబీ, ఐఐసీటీ, టాటా సంస్థ, తిరుపతి ఐసర్‌ల దాకా ఇలాంటి వంతెన వేయడానికి కావలసినవన్నీ ఈ నేల మీదే ఉన్నాయి. లేనిది సంకల్పం.

మొదటిది, 2006, 2019 చట్టాలలోని విజ్ఞాన సంస్థల మినహాయింపు షెడ్యూళ్లను రద్దు చేయాలి. 1975 నాటి మినహాయింపును ఉపసంహరించాలి. రెండోది, పీహెచ్‌డీలో చేరిన నిర్ణీత వారాలలో గైడును కేటాయించడం సంస్థ బాధ్యత కావాలి. నష్టం లేకుండా గైడును మార్చుకునే హక్కు విద్యార్థికి ఉండాలి. మూడోది, ఇంటర్వ్యూ వాటాను తగ్గించాలి. వర్గాల వారీగా రాత, మౌఖిక మార్కుల అంతరాన్ని ఏటా ప్రకటించాలి. నాలుగోది, ఫెలోషిప్ ఆలస్యమైతే సంస్థ తన నిధి నుంచి ముందుగా చెల్లించి తర్వాత కేంద్రం నుంచి రాబట్టుకోవాలి. ఆచార్యుల జీతం ఆగని నెలలో పరిశోధకుడి జీతమూ ఆగకూడదు. ఐదోది, రాష్ట్ర ప్రభుత్వాలు బ్యాక్‌లాగ్‌తో సహా విశ్వవిద్యాలయ పోస్టులను భర్తీ చేయాలి.

వీటన్నిటికీ పునాది లెక్కలు. మహిళల ప్రాతినిధ్యం ఆధారంగా విజ్ఞాన సంస్థలను మదింపు చేసే గతి అనే పథకాన్ని కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2020లో ప్రారంభించింది. అది మంచి పని. కులానికి అలాంటి మదింపు ఎందుకు లేదు? ప్రవేశం, గైడు కేటాయింపు, కోర్సువర్క్, థీసిస్ సమర్పణ, నియామకం అన్న ప్రతి మెట్టు దగ్గరా ఎవరున్నారో, ఎవరు రాలిపోయారో ప్రతి విభాగం ప్రకటించాలి. ఎస్సీ వర్గీకరణ తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి అమలులోకి వచ్చింది కనుక ఆ లెక్క ఉపకులాల వారీగా కూడా ఉండాలి. యాభై తొమ్మిది ఎస్సీ కులాలలో ఎన్ని ఇంతవరకు విజ్ఞాన శాస్త్రంలో ఒక్క పీహెచ్‌డీని కూడా చూడలేదో తెలియాలి. ఆదివాసీ తెగల సంగతీ అంతే.

ఈ డిమాండ్లను ప్రభుత్వాల దయకు వదిలేయలేం. 13 పాయింట్ల రోస్టర్‌ను వెనక్కి నెట్టింది వీధిలోకి వచ్చిన విద్యార్థులు, అధ్యాపకులే. విద్యార్థి సంఘాలు ఇకనుంచి సీట్ల సంఖ్యతో పాటు గైడుల జాబితా, ఫెలోషిప్ తేదీలు, మౌఖిక మార్కులు అడగాలి. సమాచార హక్కు దరఖాస్తు ప్రతి విజ్ఞాన శాస్త్ర విభాగానికీ చేరాలి. ఏ పదార్థం బరువెంతో మిల్లీగ్రాములలో తూచగలిగిన ఆచార్యులు తమ విభాగంలో ఎస్టీ పరిశోధకులెందరని అడిగితే లెక్కలు లేవనడం ఇక చెల్లదు.